ఒకసారి చేసిన పాఠం రెండోసారి ఎందుకు పనికిరావడం లేదు?

నల్లగొండ, పాలమూరు డిగ్రీ, పీజీ క్లాసుల్లో డిజిటల్ పాఠ్య వనరుల సంగతి

క్లుప్తంగా: కంప్యూటర్‌లో ఉన్నంత మాత్రాన ఏ పాఠమూ మళ్లీ వాడుకోదగ్గది అయిపోదు. చిన్న ముక్కగా ఉండాలి, మార్చుకునే వీలుండాలి, ఎవరు ఎలా వాడుకోవచ్చో దాని మీదే రాసి ఉండాలి. దేశంలో ఉచిత పాఠాలకు కరువు లేదు. అయినా దక్షిణ తెలంగాణ కాలేజీల్లో అవి క్లాసు గడప దాటి లోపలికి రావడం తక్కువే. తయారీకి దొరికే గుర్తింపు వాడకానికి దొరకదు, ఫైళ్లు మార్చడానికి వీల్లేకుండా ఉంటాయి, వెతికి సరిచేసుకునే శ్రమను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ముఖ్య కారణాలు ఇవే.

సెమిస్టర్ మొదలైన వారం తిరగకముందే దాదాపు ప్రతి డిగ్రీ కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒకటే మాట వినిపిస్తుంది: "సర్, ఫస్ట్ యూనిట్ పీపీటీ ఉంటే పెట్టండి." ఎవరో ఒకరు పెడతారు. తెరిచి చూస్తే మొదటి స్లైడ్ మీద ఎప్పుడో బదిలీ అయిపోయిన లెక్చరర్ పేరు ఉంటుంది. నాలుగో స్లైడ్‌లో సమీకరణం టైపు చేసి ఉండదు, పుస్తకం పేజీని ఫోన్‌తో తీసి అతికించి ఉంటుంది. తెలుగులో రాసిన రెండు స్లైడ్లు గజిబిజి గుర్తులుగా కనిపిస్తాయి. అందుకున్నవాళ్లు దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి బోర్డు మీద రాసి చెప్పడమే నయమనుకుంటారు. ఆ ఫైల్ మాత్రం మరో గ్రూపుకు ఫార్వర్డ్ అవుతుంది.

డిజిటల్ పాఠాల మీద జరిగే చర్చ చాలావరకు ఇంటర్నెట్ ఉందా, స్క్రీన్ ఉందా, వీడియోలు ఉన్నాయా అన్న దగ్గరే ఆగిపోతుంది. ఆ ఫైల్ ఎందుకు పనికిరాలేదన్న ప్రశ్న దాకా రాదు.

### ముక్కలుగా పాఠం: ఈ ఆలోచన ఎక్కడిది?

పాఠాన్ని చిన్న చిన్న స్వతంత్ర ముక్కలుగా చేసి, కావలసిన చోట కావలసిన ముక్కను పెట్టుకోవాలన్న ఆలోచన 1990లలో బలపడింది. ఆ ముక్కకు లెర్నింగ్ ఆబ్జెక్ట్ అని పేరు పెట్టారు. పిల్లలు ఆడుకునే లెగో ఇటుకల్లా ఏ ముక్కను ఏ ముక్కకైనా తగిలించవచ్చని మొదట్లో అనుకున్నారు. 2000 ప్రాంతంలో అమెరికన్ పరిశోధకుడు డేవిడ్ వైలీ ఈ పోలికను కాదన్నాడు. పాఠాలు ఇటుకల లాంటివి కావు, పరమాణువుల లాంటివి అన్నాడు. ఏది దేనితోనైనా కలవదు. కొన్ని కొన్నింటితోనే కలుస్తాయి, కలపడానికి ఆ విషయం తెలిసిన మనిషి కావాలి.

2001లో మసాచుసెట్స్‌లోని ఎంఐటీ తన కోర్సుల సామగ్రిని అందరికీ ఉచితంగా ఇస్తానని ప్రకటించింది. అదే ఏడాది, తమ రచనను ఇతరులు ఎలా వాడుకోవచ్చో ముందే చెప్పే లైసెన్సులు రూపొందించే క్రియేటివ్ కామన్స్ సంస్థ పుట్టింది. 2002లో యునెస్కో సమావేశం 'ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్' (అందరూ ఉచితంగా వాడుకుని, మార్చుకోగల పాఠ్య వనరులు) అన్న మాటను ఖాయం చేసింది, 2019లో సభ్యదేశాలన్నిటికీ దానిమీద ఒక సిఫారసు కూడా ఇచ్చింది. ఇరవై ఏళ్లలో ప్రశ్న ఎలా మారిందో ఇందులో కనిపిస్తుంది. మొదట్లో ముక్కలను సాంకేతికంగా ఎలా తగిలించాలని అడిగేవారు. తరువాత, మార్చుకునే హక్కు ఎవరికుందని అడగసాగారు.

మన దేశంలోనూ పని బాగానే జరిగింది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో ఎన్‌పీటీఈఎల్ అనే వీడియో పాఠాల పథకాన్ని మొదలుపెట్టాయి. పీజీ సబ్జెక్టుల కోసం ఈ-పీజీ పాఠశాల వచ్చింది. ల్యాబ్ పరికరాలు లేని కాలేజీల కోసం వర్చువల్ ల్యాబ్స్, 2017లో ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం వచ్చాయి. స్వయం కోర్సులతో డిగ్రీలో కొంత భాగం క్రెడిట్లు సంపాదించుకోవచ్చని యూజీసీ 2016లో అనుమతి ఇచ్చింది, 2021 నిబంధనల్లో ఆ పరిమితిని 40 శాతానికి పెంచింది. రాష్ట్రంలో టీ-శాట్ విద్యా టీవీ ఛానళ్లు ఉన్నాయి. 1982లో మొదలైన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్య కోసం తెలుగులో పాఠాలు రాయిస్తూనే ఉంది. లోటు మరెక్కడో ఉంది.

### జొన్నపిండి ఎంత దూరమైనా పోతుంది

మళ్లీ వాడుకోవడంలో ఒక మెలిక ఉంది. పాఠంలో ఊరి పేర్లు, స్థానిక లెక్కలు, తెలిసిన ఉదాహరణలు ఎంత ఎక్కువుంటే అక్కడి విద్యార్థికి అంత బాగా అర్థమవుతుంది, కానీ ఇంకో చోట అంత తక్కువగా పనికొస్తుంది. అవన్నీ తీసేస్తే ఎక్కడికైనా పోతుంది, ఎవరికీ సరిగా పట్టదు. దీనికే పునర్వినియోగ వైరుధ్యం అని పేరు. పాలమూరులో చెప్పుకోవాలంటే, జొన్నపిండిని మూట కట్టి ఎంత దూరమైనా పంపొచ్చు. రొట్టె మాత్రం పెనం మీంచి తీసినప్పుడే బాగుంటుంది. యూనివర్సిటీలు ఇప్పటిదాకా ఎక్కువగా చేయించింది రొట్టెలు. నలభై నిమిషాల వీడియో, అందులోనే ఉపోద్ఘాతం, సిద్ధాంతం, ఉదాహరణ, ముగింపు అన్నీ కలిసిపోయి ఉంటాయి. అందులోంచి పిండిని వేరు చేయడం ఎవరి వల్లా కాదు.

నల్లగొండకు బాగా తెలిసిన విషయాన్నే తీసుకుంటే ఇది స్పష్టమవుతుంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు భూగర్భజలంలో ఫ్లోరైడ్ గురించి ఎంఎస్సీ కెమిస్ట్రీలోనూ, జియాలజీలోనూ, పర్యావరణ శాస్త్రంలోనూ చెప్పక తప్పదు. ఈ నీటిని శుద్ధి చేయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. టాంజానియా, ఇథియోపియాల్లో నీటి ఇంజనీర్లకు ఈ జిల్లా పేరు అలాగే తెలిసింది. ఇంత పేరున్న పాఠాన్ని ఈ జిల్లాలోనే ఒక్కో లెక్చరర్ ఒక్కోసారి మొదటి నుంచి తయారు చేసుకోవలసి రావడం మాత్రం బాధాకరం.

ఆ పాఠాన్ని ఒకే వీడియోగా తీయకుండా నాలుగు విడి భాగాలుగా చేశారనుకుందాం. మొదటిది, గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైట్, అపటైట్, బయొటైట్ లాంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి ఎలా దిగుతుందో చూపించే ఐదు నిమిషాల బొమ్మల వివరణ. రెండోది కొలిచే పద్ధతి. జిర్కోనియంతో కలిసి ఎర్రగా ఉన్న స్పాడ్స్ (SPADNS) అనే రసాయనపు రంగు, ఫ్లోరైడ్ చేరిన కొద్దీ వెలిసిపోవడాన్ని దగ్గరగా చూపించాలి. మూడోది శుద్ధి: నలభై లీటర్ల బకెట్‌లో పటిక, దానిలో ఇరవయ్యో వంతు దాకా సున్నం, కొద్దిగా బ్లీచింగ్ పౌడర్ వేసి పది నిమిషాలు నెమ్మదిగా కలపడం, గంటసేపు తేరనివ్వడం, పైనీళ్లు తీసుకోవడం. అడుగున మిగిలే మడ్డిని ఏం చేయాలి, నీళ్లలో మిగిలిపోయే అల్యూమినియం సంగతేంటి అన్న ప్రశ్నలు కూడా ఇక్కడే వస్తాయి. నాలుగోది వర్క్‌షీట్. అందులో కొన్ని బోర్ల నీటి ఫలితాలు ఇచ్చి, భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రామ్ దాటినవి ఏవి, వేరే నీటి వనరు లేనప్పుడు ఒప్పుకునే 1.5ను కూడా దాటినవి ఏవి అని గుర్తించమంటారు.

ఈ నాలుగింటిలో మొదటి మూడు ఎక్కడికైనా పోతాయి. స్పాడ్స్ రంగు నల్లగొండలో వెలిసినట్టే ప్రకాశం జిల్లాలోనూ, రాజస్థాన్‌లోనూ వెలుస్తుంది. నాలుగోది మాత్రం ఊరును బట్టి మారాలి. నారాయణపేటలో చెప్పే లెక్చరర్ ఆ ఒక్క షీట్‌లోని అంకెలు తీసేసి తమ మండలం అంకెలు వేసుకుంటే చాలు. బీఎస్సీ నర్సింగ్ క్లాసుకు మొదటి భాగం వదిలేసి మూడో భాగం దగ్గర ఎముకల మీద ప్రభావం గురించిన తమ స్లైడ్ చేర్చుకోవచ్చు. ఎకనామిక్స్‌లో ఊరి నీటి ఖర్చు గురించి చెప్పేవాళ్లకు నాలుగోదొక్కటే పనికొస్తుంది. పిండి వేరు, రొట్టె వేరు అయ్యాక వైరుధ్యం పూర్తిగా పోదు కానీ, దాని బరువు ఒక్క వర్క్‌షీట్ మీదే పడుతుంది.

ఈ సూత్రం మీద బాగా నడుస్తున్నది సాఫ్ట్‌వేర్ వాడకం నేర్పే ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్. ఒక్కో పాఠం దాదాపు పది నిమిషాలే. స్క్రీన్ మీద జరిగేది ఒకటే ఉంటుంది, దాని మీద వినిపించే మాట మాత్రం భాషను బట్టి మారుతుంది, తెలుగులోనూ ఉంది. ఏ నిమిషంలో ఏ వాక్యం రావాలో స్క్రిప్టు విడిగా ఉంటుంది కాబట్టి కొత్త భాషలోకి తేవడానికి మళ్లీ షూటింగ్ చేయనక్కర్లేదు. సైన్స్, లెక్కల విషయాలను స్క్రీన్ మీద చేసి చూసుకునే వీలిచ్చే కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లది కూడా ఇదే దారి. బొమ్మ వేరు, దాని మీది మాటలు వేరు. అందుకే వాటిని తెలుగులోకి తేగలిగారు. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేని గదిలోనూ నడుస్తాయి. నెట్ ఉంటుందో ఉండదో తెలియని కాలేజీలకు ఇది మామూలు సౌకర్యం కాదు.

### శ్రమ లెక్క

ఒక లెక్చరర్ ఇతరుల పాఠాన్ని వాడుకోవాలంటే మూడు రకాల శ్రమ పడాలి. వెతకాలి, మొత్తం చూసి తన సిలబస్‌కు సరిపోతుందో తేల్చుకోవాలి, తన క్లాసుకు తగ్గట్టు మార్చుకోవాలి. ఈ మూడూ కలిపి కొత్తగా తయారు చేసుకునే శ్రమ కన్నా తక్కువైతేనే ఎవరైనా ఆ పని చేస్తారు. పైకి ఇంతే అనిపిస్తుంది. మన డిగ్రీ కాలేజీల్లో అసలు పోటీ వేరే ఉంది. డిజిటల్ వనరుకు పోటీ ఇంకో డిజిటల్ వనరు కాదు, నోట్స్ చెప్పి రాయించడం. దానికి వెతుకులాట లేదు, కరెంటు అక్కర్లేదు, పరీక్షలో ఆ వాక్యాలే రాస్తే మార్కులు వస్తాయి. బజార్లో దొరికే ఆల్ ఇన్ వన్ గైడు కూడా ఇదే పని చేస్తుంది. రెండు గంటలు వెతికి, గంట చూసి, ఇంకో గంట మార్చుకోవాల్సిన వనరు ఈ పోటీలో నిలబడదు. తప్పు లెక్చరర్ బద్ధకంలో వెతికితే దొరకదు.

వారానికి పదహారు, పద్దెనిమిది క్లాసులు, ఇంటర్నల్స్ పేపర్లు, అడ్మిషన్ల పని, పైగా గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ ఫ్యాకల్టీ అయితే వచ్చే ఏడాది ఉంటామో లేదోనన్న టెన్షన్. ఇలాంటి చోట 'వాడుకోండి, చాలా ఉన్నాయి' అని లింకుల జాబితా పంపడం సాయం కింద రాదు. అది శ్రమను ఇంకొకరి నెత్తిన పెట్టడమే. జాతీయ పోర్టళ్లలో వెతికినప్పుడు కోర్సు పేరు దొరుకుతుంది కానీ, 'బీఎస్సీ మూడో సెమిస్టర్, రెండో యూనిట్, ఇరవై నిమిషాలు, తెలుగు మాటతో' అని వెతికితే దొరకదు. వనరు గురించిన ఈ సమాచారాన్నే మెటాడేటా అంటారు. దాన్ని నింపడం ఎవరికీ ఇష్టమైన పని కాదు. అది లేని వనరు మాత్రం కొట్టులో మూత తీయని మూటలా ఉండిపోతుంది.

2020 మార్చి లాక్‌డౌన్ దీనికి మంచి పరీక్ష అయింది. ఆ ఏడాదిన్నరలో ప్రతి కాలేజీలోనూ కుప్పలుతెప్పలుగా వీడియోలు, పీడీఎఫ్‌లు తయారయ్యాయి. అయితే అవన్నీ ఆ రోజు క్లాసు గట్టెక్కడానికి చేసినవే. 'నిన్న చెప్పుకున్నాం కదా', 'రమేశ్, మ్యూట్ చేసుకో' లాంటి మాటలు పాఠంలోనే కలిసిపోయాయి. క్లాసులు మళ్లీ గదుల్లోకి వచ్చాక వాటిని తెరిచినవారు తక్కువ. రికార్డు చేయడం ఒక పని, మళ్లీ వాడుకునేలా తయారు చేయడం ఇంకో పని అని చెప్పడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కర్లేదు.

### పాయింట్లు తయారీకే

పదోన్నతుల కోసం యూజీసీ 2018లో ఇచ్చిన నిబంధనల్లో ఈ-కంటెంట్‌కు పాయింట్లు ఉన్నాయి. వీడియో, పాఠ్యం, ప్రశ్నలు, చర్చ అనే నాలుగు భాగాలతో పూర్తి కోర్సు తయారు చేస్తే ఇన్ని, ఒక మాడ్యూల్ చేస్తే ఇన్ని అని లెక్క కట్టారు. కాలేజీల నాణ్యతను అంచనా వేసే న్యాక్ బృందం వచ్చినప్పుడు కూడా ఎంత ఈ-కంటెంట్ తయారైందని అడుగుతారు. కొత్త పని చేయించడానికి ఇది మంచి ఏర్పాటే. వేరేవాళ్లు చేసిన మంచి మాడ్యూల్‌ను తీసుకొచ్చి, తెలుగు వివరణ జోడించి, స్థానిక లెక్కలు పెట్టి, నలభై మందికి బాగా చెప్పిన లెక్చరర్‌కు మాత్రం ఈ పట్టికలో విడిగా గడి లేదు.

పర్యవసానం ఊహించదగ్గదే. అప్పటికే పది మంది చేసిన అంశాన్నే పదకొండోసారి చేస్తారు. సంఖ్య పెరుగుతుంది, వాడకం పెరగదు. దక్షిణ తెలంగాణలాంటి చోట ఇది ఇంకా ఎక్కువ నష్టం. ఖాళీ పోస్టుల మధ్య పని చేసే విభాగాలకు కొత్త వీడియోల కన్నా, ఉన్నవాటిని సరిచేసి చుట్టుపక్కల కాలేజీలకు అందించే మనిషి ఎక్కువ అవసరం. ఆ పనిని సాన పట్టడం అనొచ్చు. రాయి తవ్వినవాళ్లకు కూలి దొరుకుతుంది, సాన పట్టినవాళ్లకు దొరకదు.

### తెరుచుకోని తెలుగు

మొదట చెప్పిన గజిబిజి స్లైడ్ల దగ్గరికి వద్దాం. తెలుగు పాఠ్య సామగ్రిలో చాలా భాగం ఏళ్ల తరబడి డీటీపీ సెంటర్లలో, అను లాంటి ఫాంట్లతో టైపు అయింది. ఆ ఫాంట్లలో 'క' అన్న అక్షరం కంప్యూటర్ లోపల తెలుగు అక్షరంగా ఉండదు. ఒక ఇంగ్లిష్ అక్షరం లేదా గుర్తు స్థానంలో తెలుగు బొమ్మ పెట్టి చూపిస్తారు. అదే ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో ముత్యాల్లాంటి తెలుగు కనిపిస్తుంది, లేని చోట పిచ్చి గుర్తులు వస్తాయి. అచ్చు వేయడానికి దానితో ఇబ్బంది లేదు. ఒక మాట వెతకాలన్నా, ఒక పేరా తీసుకుని మార్చాలన్నా, ఫోన్‌లో చదవాలన్నా, చూపులేని విద్యార్థికి కంప్యూటర్ చదివి వినిపించాలన్నా అది తెలుగే కాదు.

యూనికోడ్‌లో టైపు చేస్తే ఈ సమస్య ఉండదు. గౌతమి అయినా, మండలి అయినా ఫాంట్ మారుతుంది కానీ అక్షరం చెదరదు. అయితే యూనికోడ్ తెలుగును పీడీఎఫ్ చేసి పంపితే ఇంకో చిక్కు వస్తుంది. అందులోంచి కాపీ చేస్తే ఒత్తులు, గుణింతాలు తారుమారై 'విద్యార్థి' అన్న మాట ముక్కలైపోవడం చాలామంది చూసినదే. అందుకే పీడీఎఫ్‌తో పాటు అసలు వర్డ్ ఫైలో, స్లైడ్ల ఫైలో కూడా ఇవ్వాలన్నది చాదస్తం కాదు. మార్చుకోవడానికి వీలయ్యేది అదొక్కటే. భాషిణి, అనువాదిని లాంటి యంత్రానువాద సాధనాలు వచ్చాక దీని విలువ ఇంకా పెరిగింది, ఎందుకంటే అవి చదవగలిగేది యూనికోడ్‌నే.

ఈ ప్రాంతంలో భాష సంగతి సాంకేతికతతో ఆగదు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, డిగ్రీలో ఇంగ్లిష్ మీడియం క్లాసులో కూర్చునే పిల్లలు చాలామంది. ఇంకో ప్రాంతపు ప్రొఫెసర్ ఇంగ్లిష్‌లో వేగంగా చెప్పే వీడియో ఎంత గొప్పదైనా వాళ్లకు సగమే అందుతుంది. పూర్తిగా గ్రాంథికమైన తెలుగులోకి మార్చినా అంతే, 'విద్యుద్విశ్లేషణం' అనే మాట దగ్గరే ఆగిపోతారు, పరీక్ష రాయాల్సింది ఇంగ్లిష్‌లో. క్లాసులో లెక్చరర్లు నిజంగా మాట్లాడేది రెండింటి మధ్య భాష: పదాలు ఇంగ్లిష్‌వి, వివరణ తెలుగుది. గద్వాల, నారాయణపేట వైపు కన్నడం, పాలమూరు పట్నంలో ఉర్దూ కూడా కలుస్తాయి. వనరులో మాట వేరుగా, బొమ్మ వేరుగా ఉంచమని అడగడానికి అసలు కారణం ఇదే. బొమ్మ ఐఐటీ నుంచి వచ్చినా, మాట మిర్యాలగూడ లెక్చరర్ గొంతులో ఉండొచ్చు.

### ఎవరి పాఠం, ఎవరి హక్కు

'నెట్‌లో ఫ్రీగా ఉంది కదా' అన్న మాటకు చట్టంలో అర్థం లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఏ రచన అయినా తయారైన క్షణం నుంచే హక్కులు పుడతాయి, రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. అదే చట్టం 52వ సెక్షన్‌లో బోధన సందర్భంలో టీచర్, విద్యార్థి కాపీ చేసుకోవడానికి వెసులుబాటు ఉంది. ఢిల్లీ యూనివర్సిటీ ఫొటోకాపీ కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ వెసులుబాటును ఉదారంగానే చదివింది. కాబట్టి క్లాసులో చూపించడం, క్లాసుకు పంచడం వేరు. మార్చిన పాఠాన్ని అందరికీ దొరికేలా పెట్టడం వేరు. రెండోదానికి అనుమతి కావాలి.

ఆ అనుమతిని ముందే రాసి పెట్టేదే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్. ఇక్కడ ఒక చిన్న షరతు పెద్ద తేడా తెస్తుంది. 'పేరు చెప్పి వాడుకో' అంటే అనువదించి, కత్తిరించి, పంచుకోవచ్చు. 'అదే లైసెన్స్‌తో పంచు' అంటే మార్చిన పాఠాన్ని కూడా అందరికీ తెరిచే ఉంచాలి. 'మార్పులు వద్దు' అన్న షరతు ఉంటే తెలుగు అనువాదం చేసి పంచడానికి వీల్లేదు, ఎందుకంటే అనువాదం కూడా మార్పే. మంచి మనసుతో, తమ పాఠం చెడిపోకూడదని చాలామంది ఈ షరతు పెడతారు. దానివల్ల తెలుగు విద్యార్థికి తలుపు మూసుకుపోతుందని వాళ్లకు తట్టదు.

యూనివర్సిటీ లోపల కూడా తేల్చుకోవాల్సింది ఉంది. ఉద్యోగంలో భాగంగా తయారు చేసిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, యజమాని మొదటి హక్కుదారు అని చట్టంలోని 17వ సెక్షన్ చెబుతుంది. లెక్చరర్ పాఠాలకు ఇది ఎంతవరకు వర్తిస్తుందన్న దాని మీద భిన్నాభిప్రాయాలున్నాయి. గెస్ట్ ఫ్యాకల్టీ చేసిన స్లైడ్ల సంగతి ఇంకా మసక. అర పేజీ తీర్మానంతో తేలిపోయే విషయం ఇది: పేరు తయారు చేసినవారిది, వాడుకునే హక్కు అందరిది.

### రెండు యూనివర్సిటీలు, కలిసే సిలబస్

ఇక్కడ అనుకూలించే అంశం కూడా ఒకటుంది. నల్లగొండలో మహాత్మా గాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ, రెండూ ఒకప్పటి ఉస్మానియా పీజీ సెంటర్ల మీద 2007, 2008 సంవత్సరాల్లో నిలబడినవే. ఒకదాని కింద నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాల కాలేజీలు, ఇంకోదాని కింద మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాల కాలేజీలు ఉన్నాయి. 2016-17లో డిగ్రీలో సీబీసీఎస్ (విద్యార్థి ఎంచుకునే క్రెడిట్ల పద్ధతి) వచ్చాక ఉన్నత విద్యామండలి ఉమ్మడి చట్రం వల్ల ప్రధాన సబ్జెక్టుల సిలబస్ చాలావరకు కలుస్తుంది. దేవరకొండలో చెప్పే రెండో యూనిట్టూ, అచ్చంపేటలో చెప్పే రెండో యూనిట్టూ దాదాపు ఒకటే.

జాతీయ పోర్టల్‌కు ఈ అనుకూలత లేదు. అది ఏ సిలబస్‌కూ పూర్తిగా సరిపోకుండా అన్నిటికీ కొంత సరిపోవాలి. విడిగా ఒక్క కాలేజీకీ లేదు, చేసిన శ్రమ ఒక్క క్లాసుతోనే అయిపోతుంది. మధ్యలో ఉన్న ఈ పరిమాణం, అంటే ఒకే సిలబస్, ఒకే రకం విద్యార్థులు, ఎనిమిది జిల్లాలు, మళ్లీ వాడుకోవడానికి అన్నిటికన్నా అనువైనది. ఒక వనరు తయారీకి మూడు రోజులు పట్టిందనుకుందాం. ఒక్క క్లాసుకే అయితే అది దుబారా. ముప్పై కాలేజీలు వాడుకుంటే ఒక్కో కాలేజీ వాటాకు గంట కూడా రాదు.

వీటికి తోడు ఇక్కడి లెక్చరర్లు తప్ప ఎవరూ తయారు చేయలేని అంశాలున్నాయి. పాలమూరు వలసల మీద సోషియాలజీ పాఠం, నల్లమల చెంచుల మీద ఆంత్రోపాలజీ పాఠం, పిల్లలమర్రి ఊడల మీద బోటనీ పాఠం, నాగార్జునసాగర్ కాల్వల కింద పంటల మీద జాగ్రఫీ పాఠం. ఇవి ఐఐటీలు చేసి పంపేవి కావు. ఇక్కడ బాగా తయారైతే బయటివాళ్లే వచ్చి తీసుకుంటారు.

### లెక్చరర్ పోస్టుకు ముప్పా?

రికార్డు చేసిన పాఠాలుంటే గెస్ట్ ఫ్యాకల్టీని తీసేస్తారన్న భయం ఉంది. దాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు. పూర్తి కోర్సు వీడియోలుగా వస్తే, ఖర్చు తగ్గించుకోవాలనుకునే యాజమాన్యం అలా ఆలోచించే వీలుంది. కానీ చిన్న ముక్కల వనరుల స్వభావం దీనికి భిన్నం. వాటిని ఎంచి, కలిపి, మార్చే మనిషి లేకపోతే అవి పాఠమే కావు. స్పాడ్స్ రంగు వెలిసే క్లిప్ ఐదు నిమిషాలు. దాని తరువాత 'మీ ఊరి బోరు నీళ్లు తెచ్చారా?' అని అడగడానికి మనిషి కావాలి. మారేది పని తీరు. నోట్స్ రాయించడానికి పోయే సమయం ప్రశ్నలకు, లెక్కలకు, ల్యాబ్‌కు మిగులుతుంది. పరీక్షలు కూడా మారితేనే అది జరుగుతుంది. రాయించిన వాక్యాలకే మార్కులు పడినన్నాళ్లు విద్యార్థులే "సర్, నోట్స్ చెప్పండి" అంటారు.

### పాత పటం

తరచూ మరిచిపోయే ఖర్చు ఇంకొకటుంది, నిర్వహణ. 2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజనతో పాత మహబూబ్‌నగర్ జిల్లా ముక్కలైంది, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట విడిగా వచ్చింది. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరయ్యాయి. ఉమ్మడి జిల్లా పటం ఉన్న స్లైడ్లు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటాయి. మంచి వనరు ఎంత సులువుగా వ్యాపిస్తుందో, అందులోని పాత తప్పు కూడా అంతే సులువుగా వ్యాపిస్తుంది. ప్రతి స్లైడ్‌లో పటాన్ని అతికించి ఉంటే దాన్ని వంద చోట్ల మార్చాలి, ఎవరూ మార్చరు. పటాన్ని విడి ఫైల్‌గా, మీద తేదీ వేసి, ఒక చోట ఉంచి, స్లైడ్లన్నీ అక్కడి నుంచే తీసుకునేలా చేస్తే ఒక్కసారి మారిస్తే సరిపోతుంది. దానికి ఒక లైబ్రేరియనో, ఒక జూనియర్ లెక్చరరో వారానికి రెండు గంటలు కేటాయించాలి. ఆ రెండు గంటలు వర్క్‌లోడ్ రిజిస్టర్‌లో పనిగా నమోదు కావాలి.